సంతకం ఎవరిది?

"ఆమెకి కరెంటు పెట్టించారట" - ఈ మాట మనవాళ్ళు గొంతు తగ్గించే అంటారు. పెట్టించింది భర్తో, అత్తమామలో, పుట్టింటివాళ్ళో. ఆమే పెట్టించుకుందని మాత్రం ఎవరూ అనరు. మనం మాట్లాడుకోవలసింది దీని గురించే.

షాక్ ట్రీట్‌మెంట్ అనగానే మంచానికి కట్టేసి, అరుస్తున్న మనిషి తలకి కరెంటు పెట్టే సినిమా దృశ్యం గుర్తొస్తుంది. అది ఉత్త కల్పనేమీ కాదు. 1938లో రోమ్‌లో సెర్లెట్టి, బీని అనే డాక్టర్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు మత్తు లేకుండానే ఇచ్చారు. మన దేశంలోనూ చాలా ఏళ్ళు అలా ఇచ్చిన ఆసుపత్రులున్నాయి. ఆ ఫిట్స్‌లో ఎముకలు విరిగినవాళ్ళున్నారు.

పద్ధతిగా ఇస్తే సంగతి వేరు. మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి, కొన్ని సెకన్లు మాత్రమే కరెంటు పంపుతారు. వారానికి రెండు మూడుసార్లు, సాధారణంగా మొత్తం ఆరు నుంచి పన్నెండుసార్లు ఇస్తారు. తిండీ నీళ్ళూ మాని కొయ్యబారిపోయినవాళ్ళు, చావు తప్ప మరో ఆలోచన లేనివాళ్ళు, కాన్పు తర్వాత తీవ్రమైన జబ్బులో పడ్డ తల్లులు దీనితో కోలుకున్నారు. మరోవైపు, జ్ఞాపకాలు చెదురుతాయి. కొందరికి అంతకుముందు నెలల సంగతులు మళ్ళీ గుర్తురావు. కనక దీన్ని నిషేధించమని నేననడం లేదు. ఇంత మేలూ, ఇంత నష్టమూ ఉన్న చికిత్సకి 'సరే' అనే హక్కు ఎవరిదని అడుగుతున్నాను.

ఆడవాళ్ళ విషయంలో ఈ ప్రశ్న మరీ పదునైంది. ఎదురు తిరిగితే పిచ్చి, ఏడిస్తే పిచ్చి అనే ఇళ్ళు మనకి తెలియనివి కావు. హిందూ వివాహ చట్టం ప్రకారం తీవ్రమైన మానసిక జబ్బు విడాకులకి ఒక కారణం. ఈరోజు వైద్యానికి తీసుకెళ్ళిన భర్త రేపు అవే కాగితాలు కోర్టులో పెట్టవచ్చు. జబ్బు నిజమే అయినా ఆమె మనసుకీ, శరీరానికీ అతను యజమాని కాడు.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మత్తూ, కండరాలు సడలే మందూ లేకుండా షాక్ ఇవ్వడాన్ని నిషేధించింది. అత్యవసర చికిత్స పేరుతో కూడా షాక్ ఇవ్వకూడదంది. మైనర్లకి ఇవ్వాలంటే సంరక్షకుల అంగీకారంతో పాటు రివ్యూ బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి.

ఇదే చట్టంలో మనం పెద్దగా పట్టించుకోని వీలొకటి ఉంది. తను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే తన తరఫున మాట్లాడే ప్రతినిధిని మేజరైన ఎవరైనా ముందే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి, సంతకం గాని వేలిముద్ర గాని వేస్తే చాలు. ఆ ప్రతినిధి కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. భర్తే కానక్కర్లేదు. అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరినీ ఎంచుకోకపోతే మాత్రం ఆ స్థానం బంధువులకే పోతుంది.

హింస కేసుల్లో మన దగ్గరికి వచ్చే స్త్రీలకి ఎఫ్.ఐ.ఆర్. గురించి, భరణం గురించి చెబుతాం. ఈ తెల్లకాగితం గురించీ చెబుదాం. అంతకంటే ముందు, మనలో ఎంతమందిమి రాసుకున్నాం?