ఊరు విడిచినా హక్కు విడవలేదు

ఆగిరిపల్లి మామిడితోటల్లో కాయ కోసే అన్నలారా, అక్కలారా!

ఐరోపాలో లక్సెంబర్గ్ అని ఓ చిన్న దేశం. అప్పట్లో మూడు లక్షల జనం కూడా లేరు. 1940 మే 10న హిట్లర్ సైన్యం దాని మీద పడింది. దాన్ని ఏలే దొరసాని షార్లెట్, ఆమె మంత్రులు దేశం దాటారు. గజం నేల చేతిలో లేకపోయినా 'మేమే ప్రభుత్వం' అన్నారు. బ్రిటన్, అమెరికా సరేనన్నాయి. దాన్ని ప్రవాస ప్రభుత్వం అన్నారు.

మనకెందుకీ కథ అంటారా? వినండి.

ఆ ప్రభుత్వానికి ప్రాణం పోసింది దేశంలో మిగిలిన జనం. 1941 అక్టోబరులో నాజీలు జనాభా లెక్క పెట్టారు. నీ దేశమేది, భాషేది, జాతేది అనడిగి జర్మన్ అని రాయించాలని చూశారు. జనం మూడింటికీ లక్సెంబర్గే అని ఎదురుతిరిగారు. లెక్క ఆగిపోయింది. 1942లో బలవంతపు సైన్యభర్తీ మీద సమ్మె కట్టారు. 21 మందిని చంపినా లొంగలేదు. 1945లో దొరసాని తిరిగొచ్చింది.

ఇక మన సంగతి. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. దొరసాని దేశం దాటితే ప్రభుత్వమా? మాదిగ ఊరు దాటితే కాందిశీకుడా? ఆమెను తరిమింది పరాయి సైన్యం. మనల్ని తరిమింది మనం నాట్లేసిన పొలాల కామందులు!

కారంచేడు జనం తలొంచుకుని తిరిగిపోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ పోరులోంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. జనం తెనాలి శిబిరానికి చేరారు. కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

దొరసానికి మిత్రరాజ్యాల సైన్యాలు తోడొచ్చాయి. మనకెవరొస్తారు? మన సంఘమే మన సైన్యం.

రేపు ఏ పల్లెను తరిమినా, శిబిరంలో పోసే గంజి కోసమే కూర్చోవద్దు. ఆ శిబిరమే మన పంచాయితీ. చచ్చినోళ్ళ పేర్లు, చూసినోళ్ళ సాక్ష్యాలు, మన తీర్మానాలు మన చేతుల్లోనే ఉండాలి. పెద్దమనుషులొస్తారు, రాజీ అంటారు, తోటలో పనికి రానివ్వమంటారు. ఆ కాగితం మీద ఏ ఒక్కరూ ఒంటరిగా వేలిముద్ర వేయొద్దు. తిరిగి ఊళ్ళో అడుగుపెడితే మన షరతు మీదే పెడదాం.

జై భీమ్!