గ్రీన్‌హౌస్ అంటే గుడారం కాదు బాబూ!

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఉండే మన తెలుగువాళ్ళకి ఏటా సెప్టెంబరులో ఒక జబ్బు చేస్తుంది. బీరపాదు తొలి ఫ్రాస్టుకి ఒక్క రాత్రిలో నల్లబడిపోతుందన్న బెంగతో ఓ రెండొందల డాలర్లు పెట్టి ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ కిట్టు తెప్పిస్తారు. శనివారం పొద్దున్న డబ్బా విప్పి, మధ్యాహ్నానికల్లా నిలబెట్టి, సాయంత్రానికి వాట్సాప్‌లో ఫోటోలు. డిసెంబరు తుఫానుకి అది పక్కింటివాళ్ళ ఫెన్సు మీద తేలుతుంది. మార్చిలో వంగిన గొట్టాలూ, చిరిగిన ప్లాస్టిక్కూ చెత్తబండి ఎక్కుతాయి. మళ్ళీ సెప్టెంబరు, మళ్ళీ కిట్టు.

ఆఫీసులో మనమేమో రిక్వైర్మెంట్లు రాయకుండా ఒక్క బటన్ కూడా పెట్టనివ్వం. పెరట్లోకి వచ్చేసరికి ఆ బుర్ర ఎక్కడికి పోతుందో మరి! అసలు చలిప్రాంతంలో గ్రీన్‌హౌస్‌కి ముందు కావాల్సింది బలం. వేడి సంగతి ఆ తర్వాత. డబ్బులు పునాది మీదా, కర్ర మీదా పెట్టండి, హీటరు మీద కాదు. జనవరిలో బీరకాయ కాయించాలన్న ఆశ మాత్రం వదులుకోండి. ఇది వేదాంతం కాదు, లెక్క.

ముందు బరువు. అడుగు మందాన కొత్త స్నో పడితే అందులో సుమారు అంగుళం నీళ్ళుంటాయి. అంటే చదరపు అడుగుకి 5 పౌన్ల పైమాటే. 10x12 అడుగుల గ్రీన్‌హౌస్ మీద 600 పౌన్లు దాటుతుంది. అదే మార్చిలో పడే తడి స్నో అయితే దీనికి రెండు మూడు రెట్లు. మీ కిట్టు గొట్టాలు చేత్తో వంచితే వంగుతాయి, వాటి మీద చిన్న కారంత బరువన్నమాట. 2010 డిసెంబరు 12న మినియాపొలిస్‌లో మెట్రోడోమ్ స్టేడియం కప్పు స్నో బరువుకి చిరిగి కూలింది. ఇంజనీర్లు డిజైను చేసిన ఫైబర్‌గ్లాస్ బట్టకే ఆ గతి పడితే, జిప్పు పెట్టిన ప్లాస్టిక్ సంచి ఏమాత్రం?

తర్వాత గాలి. గంటకి 60 మైళ్ళ గాలి చదరపు అడుగుకి దాదాపు 9 పౌన్లతో తోస్తుంది. 12 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు గోడ మీద స్థూలంగా 660 పౌన్లు. దాన్ని ఆపడానికి కిట్టువాడు ఇచ్చేది నాలుగు జానెడు మేకులు! మన ఊళ్ళో పాదుకి పందిరి వేసేటప్పుడు ముందు గుంజ పాతుతారు. గుంజ కదిలితే పందిరి లేదు. ఈ ముక్క తెలియడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

"ఇవన్నీ సరే, హీటరు పెడితే చలికాలమంతా వంకాయలే కదా" అంటారు. రండి, అదీ చూద్దాం. అదే 10x12 గ్రీన్‌హౌస్ గోడలూ, కప్పూ కలిపి సుమారు 430 చదరపు అడుగులు. రెండు పొరల పాలికార్బొనేట్ వేశారనుకోండి, ఒక్కో చదరపు అడుగు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకి గంటకి 0.6 బీటీయూ పోతుంది. బయట సున్నాకి 10 డిగ్రీలు కింద, లోపల 50 డిగ్రీల ఫారన్‌హీట్ కావాలంటే తేడా 60. గుణిస్తే గంటకి సుమారు 15,500 బీటీయూ, అంటే నాలుగున్నర కిలోవాట్లు. రోజంతా అదే చలి ఉంటే 108 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకున్నా రోజుకి 16 డాలర్లు. సందుల్లోంచి పోయే వేడి దీనికి అదనం. ఆ వంకాయ బంగారంతో చేసినదైనా గిట్టుబాటు కాదు. కరెంటు దండగని బిగించిన గుడారంలో ప్రొపేన్ హీటరు వెలిగించే మహానుభావులకి ఒక్క దణ్ణం. బయటికి పోయే దారి లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణాలు తీస్తుంది బాబూ!

"నల్లరంగు పీపాల్లో నీళ్ళు పెడితే రాత్రంతా వెచ్చగా ఉంటుందిట" అనేది ఇంకో పురాణం. 55 గ్యాలన్ల పీపా 20 డిగ్రీలు చల్లబడితే ఇచ్చేది దాదాపు 9,200 బీటీయూ. పై లెక్కలో అది కాస్త అటూ ఇటూగా 35 నిమిషాలకి సరి. రాత్రి 15 గంటలు. పీపాలు పెట్టాక మొక్కలకి చోటెక్కడ?

వేడి సంగతి తేలినా వెలుతురు ఎక్కడినుంచి తెస్తారు? మెయిన్ రాష్ట్రంలో దశాబ్దాలుగా చలికాలం కూరలు పండిస్తున్న ఎలియట్ కోల్మన్ చెప్పే సూత్రం ఒకటుంది: పగలు 10 గంటలకి తగ్గితే మొక్క ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మినియాపొలిస్‌లో నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఇదే పరిస్థితి. అందుకే ఆయన పాలకూర లాంటి చలికోర్చే ఆకుకూరల్ని ముందే పెంచి, చలికాలంలో కోసుకుంటాడు. అంటే గ్రీన్‌హౌస్ అప్పుడు పొలం కాదు, బతికున్న ఫ్రిజ్ :) మడి మీద ఇంకో పల్చటి గుడ్డ కప్పితే, ఒక్కో పొరా తోటని 500 మైళ్ళు దక్షిణానికి జరిపినట్టేనంటాడు. దానికి కరెంటు బిల్లు రాదు.

ఇంకా నమ్మకం లేకపోతే మన లడాఖ్ చూడండి. అక్కడి సోలార్ గ్రీన్‌హౌస్‌లకి దక్షిణం వైపు మాత్రమే ప్లాస్టిక్కు. మిగతా మూడు వైపులా మందపాటి మట్టి ఇటుక గోడలు. హీటరు లేకుండానే చలికాలంలో ఆకుకూరలు కోస్తారు. అక్కడ ఎండ ఎక్కువ, మనకి తక్కువ, నిజమే. కానీ ఉత్తరం గోడ నుంచి డిసెంబరులో నేరుగా ఎండ రాదన్నది రెండు చోట్లా ఒకటే. మరి నాలుగు వైపులా పారదర్శకంగా ఉన్న కిట్టు ఎందుకు కొంటున్నాం? ఫోటోలో బావుంటుందని.

కట్టేవాళ్ళకి నా లిస్టు ఇదీ:

1. స్తంభాలు ఫ్రాస్టు లోతు దాటి పాతాలి. మిన్నెసోటా దక్షిణ భాగంలో పునాదికి 42 అంగుళాలు. పైపైన పాతితే గడ్డకట్టిన నేల వాటిని పైకి నెట్టేస్తుంది.

2. కప్పు వాలు 45 డిగ్రీలకి దగ్గర్లో ఉండాలి, స్నో దానంతటదే జారాలి. వాసాలు రెండడుగులకొకటి, ఎదురెదురు వాసాల్ని కలుపుతూ అడ్డకర్రలు.

3. ఉత్తరం గోడ ప్లైవుడ్డు, దాని వెనక ఫోమ్ బోర్డు, లోపల తెల్లరంగు.

4. పాలికార్బొనేట్ 8 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. క్లిప్పులు కాదు, రబ్బరు వాషరున్న స్క్రూలు. ఎండకి షీటు సాగుతుంది కాబట్టి రంధ్రం కాస్త పెద్దది చెయ్యండి. యూవీ పూత ఉన్న వైపు బయటికి, లోపలి గాడులు నిలువుగా.

5. మార్చి ఎండకి బయట 40 ఉన్నా లోపల 100 దాటుతుంది. మీటింగులో ఉండగా నారు ఉడికిపోకుండా మైనంతో పనిచేసే ఆటోమేటిక్ కిటికీ పెట్టండి. దానికి వైఫై అక్కర్లేదు.

"గ్రీన్‌కార్డే రాలేదు, గ్రీన్‌హౌస్‌కి పునాదా?" అనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అద్దె ఇల్లయితే నాలుగు పలకల పెట్టె మీద ఒక పాత కిటికీ అద్దం వాల్చండి, పాలకూర వస్తుంది. సొంత ఇల్లయితే ముందు సిటీనీ, హెచ్ఓఏనీ అడిగి కట్టండి. ఖర్చు కిట్టుకి ఎన్నో రెట్లవుతుంది, దాచను. కానీ ఏటా రెండొందల డాలర్లు చెత్తబండికి కట్టేవాళ్ళు ఖర్చు గురించి మాట్లాడకూడదు.

గట్టిగా కడితే వచ్చేదేంటంటే, చలికాలమంతా పాలకూర, వసంతంలో అందరికంటే ముందు కొత్తిమీర, ఏప్రిల్లోనే వంగ, మిరప నారు. ఆ నారు మే చివరికి నేలలోకి వెళితే సెప్టెంబరు ఫ్రాస్టుకి ముందే బుట్టలు నిండుతాయి. బీరకాయ జులైలో తినండి. జనవరిలో కావాలంటే ఇండియన్ స్టోరు ఉంది.