శల్యసారథ్యము కూడదు



ఇంటిలోనికి వచ్చు ప్రతి వస్తువును, అది తిరుగలియైనను టెలివిజనైనను, మంచిచెడ్డలు విచారించి కొనుట గృహిణికి విధియని పెద్దలు చెప్పుచు వచ్చిరి. కంప్యూటరు విషయమున మాత్రము మనలో పలువురు “అది మగపిల్లల వ్యవహారము” అని తప్పుకొనుచున్నారు. డబ్బు మాత్రము మన చీటీపాటలోనిదే, మన పోపులడబ్బాలోనిదే. కావున ఈ నెల మేమీ విషయమును చేపట్టితిమి.

పీర్జాదిగూడలో వరంగల్లు రహదారికి చేరువనున్న కాలనీలో నివసించు సోదరి యొకతె మమ్మడిగిన ప్రశ్న యిది. ఇంజనీరింగు చదువుచున్న ఆమె కుమారుడు ఆటలాడుటకును, త్రిపరిమాణ చిత్రములు కూర్చుట నేర్చుకొనుటకును తగిన కంప్యూటరును కోరుచున్నాడు. చీటీ యెత్తిన డబ్బు కలదు. అందులోనుండియే కుమార్తె కళాశాల రుసుమునకును కొంత మిగులవలెను. కుమారుడు డబ్బంతయు గ్రాఫిక్సు కార్డుమీదనే పెట్టుదమనియు, విద్యుత్తు నందించు పెట్టె క్యాబినెట్టుతో ఊరక వచ్చినదే చాలుననియు అనుచున్నాడు. తండ్రిగారు అసలే వలదనుచున్నారు. ఏమి చేయవలయును?

ముందుగా గ్రాఫిక్సు కార్డన నేమో తెలిసికొందము. మయసభలో నీరు లేనిచోట నీరును, నీరున్న చోట నేలయు సుయోధనునికి కానవచ్చినవి గదా! తెరమీది నదులును కోటలును అట్టివే. సామాన్యమైన తెరయందే ఇరువది లక్షలకు పైగా చుక్కలుండును. వానిలో ప్రతి చుక్క రంగును సెకనుకు అరువది మాఱులు లెక్కగట్టి చూపు మయుడే యీ కార్డు. 1999 లో ఎన్విడియా సంస్థ జీఫోర్సు 256 అను కార్డును వెలువరించి, అందలి చిప్పునకు జీపీయూ అను పేరును లోకమున వ్యాపింపజేసెను. నేడు ఆ సంస్థకును, దానికి పోటీయైన ఏఎండీకిని మన హైదరాబాదులోనే ఇంజనీరింగు కేంద్రములు కలవు. కావున పిల్లవాని కోరిక వట్టి కాలక్షేపమని త్రోసివేయుట తగదు. డబ్బు పందెముగా నొడ్డు ఆటలు వేఱు. వానిని మన రాష్ట్రము 2017 లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటును దేశమంతటికి చట్టము చేసినది. ఆ దురభ్యాసము చేతి ఫోనుతోనైనను పట్టుబడును; దానికి కార్డును నిందించి లాభము లేదు.

ఇక కార్డును ఎట్లు ఎన్నుకొనవలయును? తెరను చూచి ఎన్నుకొనవలయును. 1920 నిలువు, 1080 అడ్డు వరుసల చుక్కలు గల తెరకు మధ్యతరగతి కార్డు చాలును. 2023 లో వచ్చిన ఆర్టీఎక్స్ 4060, 2025 లో వచ్చిన ఆర్టీఎక్స్ 5060 ఇట్టివి. వీనియందు 8 జీబీ జ్ఞాపకశక్తి యుండును. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 లో 12 జీబీ యున్నది. చిత్రములు కూర్చువారికి ఈ జ్ఞాపకశక్తి యెంత యెక్కువయైన నంత మేలు. అయినను బ్లెండరు వంటి సాధనములు ఎన్విడియా కార్డులపై చక్కగా నడచుననుటయు మఱువరాదు. పై అంతస్తు కార్డుల మాట వేఱు. ఆర్టీఎక్స్ 5090 ఒక్కటియే 575 వాట్లు త్రాగును. దానికి 1000 వాట్ల సరఫరా పెట్టె వలయునని తయారుచేసినవారే చెప్పుచున్నారు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. కర్ణుడెంత శూరుడైనను, శల్యుడు సారథియై కూర్చున్నందున యుద్ధమెట్లు పరిణమించెనో మన మెఱుగనిది కాదు. బజారువారు ఎస్ఎంపీఎస్ అని పిలుచు సరఫరా పెట్టెయే కంప్యూటరునకు సారథి. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులు మొదలగు చిన్న మోతాదులుగా మార్చి అన్ని భాగములకు పంచునది యిదియే. పేరులేని పెట్టెపై “500 వాట్లు” అని వ్రాసియున్నను అన్ని వాట్లు నిలకడగా నీయవలెనని లేదు. లోపలి రక్షణలు కొఱవడినచో, అది చెడునాడు తానొక్కటియే చెడక మదరుబోర్డును, కార్డును వెంట దీసికొనిపోవచ్చును.

లెక్క కష్టమైనది కాదు. 5060 కార్డునకు 145 వాట్లు, నడితరము ప్రాసెసరునకు సుమారు 90, తక్కినవానికి 50, మొత్తము 285. క్షణకాలపు పోట్లకును, రాబోవు మార్పులకును చోటుంచి 550 వాట్ల పెట్టెను కొనవలయును. కార్డును తయారుచేసినవారి సలహాయు నదియే.

పెట్టెపై “80 ప్లస్” అను ముద్ర యుండును. 2004 లో మొదలైన యీ ముద్ర, గోడనుండి తీసికొన్న విద్యుత్తులో ఎంత వృథా కాకుండ లోపలికి చేరునో తెలుపును. భద్రతను గూర్చి హామీ యీయదు. సగము భారమున కంచుముద్ర పెట్టె నూటికి 85 పాళ్లును, బంగారుముద్రది 90 పాళ్లును అందించును. దినమునకు మూడు గంటలు ఆడినచో ఈ భేదము నెలకు రెండు యూనిట్లకు మించదు. కావున బంగారుముద్రకై అప్పు చేయనక్కఱలేదు. పేరుగల సంస్థదై, అయిదేండ్ల వారంటీ గల కంచుముద్ర పెట్టె చాలును.

ఇంటిని కూడ పరీక్షింపవలయును. అద్దెయిండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గు ఉన్నను దానికి ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపింపుడు. బోరుమోటారు వేయగానే దీపములు మసకబారు ఇంటిలో యూపీఎస్ అవసరము. 600 వీఏ యూపీఎస్ సాధారణముగా 360 వాట్లకు మించి మోయలేదు. అది ఆట ముగించి కంప్యూటరును ఆర్పుటకే గాని ఆడుకొనుటకు కాదు.

కొనుటకు ఉప్పల్ స్టేషనులో మెట్రో యెక్కి పరేడ్ గ్రౌండ్సు వద్ద దిగి, సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోవచ్చును. నాలుగైదు అంగళ్లలో ధర విచారింపుడు. 18 పాళ్ల జీఎస్టీతో బిల్లు తీసికొని, క్రమసంఖ్య దానిపై వ్రాయించుకొనుడు. బిల్లు వలదన్నచో తగ్గింతునను మాటకు లొంగినచో వారంటీ మీ చేజారును. 2022 సెప్టెంబరులో ఎథీరియము తవ్వకము నిలిచిపోయిన పిమ్మట, రాత్రింబగళ్లు పనిచేసి యలసిన కార్డు లెన్నియో పాతసరుకు బజారు చేరినవి. వారంటీ మిగిలియున్నదని రూఢిగా తెలియనిదే వానిని ముట్టరాదు.

కావున ఆ సోదరికి మా సలహా యిది. ముందు కుమార్తె రుసుమును వేఱుగా తీసి బ్యాంకులో వేయుడు. కార్డునకై దానిని కదల్పవలదు. మిగిలినదానిలో కార్డును ఒక మెట్టు తగ్గించి, సరఫరా పెట్టెను మంచిదిగా కొనుడు. కార్డు మూడు నాలుగేండ్లకు పాతబడును. మంచి పెట్టె తరువాతి కార్డునకు గూడ పనికివచ్చును. కొనుటకు ముందు, ప్రతి భాగము పేరు, వాట్లు, ధర, వారంటీ ఒక కాగితముపై కుమారునిచేతనే వ్రాయించి, దానితో నేమి నేర్వదలచెనో క్రింద చేర్పించి, తండ్రిగారి ముందుంచుడు. ఆ కాగితమును ఓపికతో వ్రాయగలిగిన పిల్లవానికి కంప్యూటరు కొనియిచ్చుట వృథావ్యయము కానేరదు. వ్రాయలేనినాడు, మఱియొక చీటీ వచ్చువఱకు ఆగుమని చెప్పుటకు తల్లికి సంపూర్ణాధికారము కలదు.