ముక్కల లెక్క, మనిషి లెక్క
చేతిలో ముక్కలు ఎంత మంచివన్నది పేకాటలో సగం సంగతే. మధ్యలో ఎంత డబ్బు పడింది, ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడు, ఏది పారేశాడన్నది మిగతా సగం. నల్లజర్ల, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల సంక్రాంతికి మూడు ముక్కలాటకు కూర్చునేవాళ్లలో చాలామందికి ఈ రెండో సగం పట్టదు. మధ్యలో 600 రూపాయలుండి, షో అడగడానికి 200 పెట్టాల్సి వస్తే, నాలుగుసార్లలో ఒకసారైనా గెలిచే ముక్కలుండాలి. లేకుంటే ప్యాక్ చేయడమే లాభం. పోకర్‌లోనూ ఇదే లెక్క, కాకపోతే బల్లమీద అందరికీ కనిపించే ముక్కలు ఉంటాయి గనుక అంచనాకు ఆధారం ఎక్కువ. రమ్మీలో ఇంకా ఎక్కువ. తన తర్వాత ఆడేవాడు ఓపెన్‌లో ఇస్పేటు ఏడు ఎత్తుకున్నాడంటే, ఇస్పేటు ఆరూ ఎనిమిదీ, వేరే రంగు ఏడూ అతని ముందు పారేయకూడదు. రెండు పేకల్లోని ఆటీను తొమ్మిదులు రెండూ పడిపోయాక ఎనిమిదీ పదీ పట్టుకు కూర్చున్నవాడికి జోకరే దిక్కు. మొహం చూసి ముక్క చెప్పేస్తామన్న గొప్పలు మాత్రం చాలావరకు కోతలే. చెయ్యి మంచి ముక్కకీ వణుకుతుంది, చెత్త ముక్కకీ వణుకుతుంది. పందెం పెంచే తీరు చెప్పినంత నిజం మొహం చెప్పదు. రమ్మీలో ఈ ముక్కల లెక్కను కోర్టూ గుర్తించింది: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన సత్యనారాయణ కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి గనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యమేననీ, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదనీ తేల్చింది. అయినా 2020లో సవరించిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని, పోకర్‌ని కూడా నిషేధించింది.