అది నాచ్ కాదు, నొప్పి

నెల్లూరు కోటమిట్టలో మొన్న మా చుట్టాలింటి బారాత్. దుల్హా ఎక్కిన తెల్ల ఘోడా బ్యాండు మోతకి కాళ్లెత్తి ఎగురుతోంది. "మాషాఅల్లా, క్యా నాచ్‌రా!" అని ఖాలా మురిసిపోయారు. దగ్గరికెళ్లి చూశాను. నోటి నురగ ఎర్రగా ఉంది. లగాం కడ్డీకి ముళ్లున్నాయి.

"తర్ఫీదు ఇచ్చిన గుర్రమే కదా భాయ్" అన్నారెవరో.

తర్ఫీదంటే అదా? డ్రెస్సాజ్ అనే సవారీ విద్యలోనూ గుర్రం ఉన్నచోటే లయగా అడుగులేస్తుంది. దాన్ని పియాఫ్ అంటారు. అయితే ఆ తాఖత్ నోటి దగ్గర పుట్టదు, వెనక కాళ్లలో పుడుతుంది. వెనక కాళ్లు పొట్ట కిందికొచ్చి బరువు మోస్తాయి. వీపు లేస్తుంది, ముందు భాగం తేలికవుతుంది. ఆ కండ పట్టడానికి ఏళ్లు కావాలి. సవార్ కాలితో అడుగుతాడు, లగాం క్షణం బిగిస్తాడు, గుర్రం జవాబివ్వగానే వదులుతాడు. ఆ వదలడమే దానికి సబక్. మన బారాత్‌లో? తల పైకి గుంజి, వీపు కుంగదీసి, తారురోడ్డు మీద ఎగిరించడం. వదిలేది ఎప్పుడు?

కొట్టి, పొడిచి ఆడించిన ఆటలో అందం ఉండదని గ్రీకు సేనాని జెనోఫోన్ రెండువేల ఏళ్లకు ముందే రాశాడు. ముళ్ల లగాం వాడకూడదని మన దేశంలో 1965 నుంచీ కానూన్ ఉంది. అవన్నీ పక్కనపెట్టండి. మొండికేసిన ఒంటెను హజ్రత్ ఆయిషా (రజి) అటూ ఇటూ తిప్పుతుంటే, నర్మీ చూపమని హుజూర్ (స) చెప్పలేదా? జంతువుల వీపుల్ని మింబర్లు చేసుకోవద్దని హదీసు లేదా? ఆ బేజుబాన్ వీపు మీద గంటల తరబడి దుల్హాని కూర్చోబెట్టి వీడియోలు తీస్తున్నామే, మనకి ఆ మాట వర్తించదా?

"పాపం, గుర్రంవాడి రోజీ పోతుంది" అంటారు. ఎందుకు పోవాలి? అదే కిరాయి ఇవ్వండి. ముళ్లు లేని లగాంతో, నెమ్మదిగా నడిపించమని చెప్పండి. బయానా ఇచ్చే ముందు లగాం చేత్తో పట్టి చూడండి. నాచ్ అడిగేది మనం, పైసలిచ్చేది మనం. జుల్మ్ మాత్రం వాడొక్కడిదెలా అవుతుంది?

వచ్చే నెల మా భాంజా నికా. దుల్హా నడిచొస్తాడు. ఇజ్జత్ ఏమీ తగ్గదు, ఇన్షాఅల్లా.