పలకల ఊళ్లో ప్లాస్టిక్ తోరణాలా?

నెల పట్టిందంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం బజార్లలో ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు, గడప ముందు అంటించే ముగ్గు స్టిక్కర్లు, పొట్లాల్లో కట్టిన రంగులు కొట్ల ముందు వేలాడుతుంటాయి. కొనేవారిని తప్పుపట్టలేం. వానలు సరిగా లేక మామిడిచెట్టు అరుదైపోయిన ఊళ్లు మన వైపు ఉన్నాయి. పండుగనాడు గుమ్మం బోసిగా ఉండకూడదని ఓ ఇల్లాలు పచ్చటి తోరణం కొని కట్టుకుంటే ఆమెను ఏమనగలం? కాని ఏడాది తిరిగేసరికి అది దుమ్ముపట్టి వెలిసిపోతుంది. తీసి దిబ్బలో పారేస్తారు. కొందరు భోగిమంటలో వేస్తున్నారు. మంట చుట్టూ చలి కాచుకునే పసిపిల్లలు ఆ పొగే పీలుస్తారు.

ఇంటి ముంగిలి అలంకరించుకోవడానికి మనం దూరం నుంచి వచ్చిన సరుకు కొంటుంటే, మార్కాపురం చుట్టుపక్కల పలకరాతి ముక్కలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటిని చూసి చూసి మన కళ్లకు అవి కనిపించడం మానేశాయి.

తెలుగునాట ఎన్ని తరాల పిల్లలు మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దారో లెక్కలేదు. రాయిని గనిలోంచి తీయడం, పొరలు పొరలుగా చీల్చడం, అంచులు కోయడం, చెక్క బిగించడం, ఇలా ఒక్కో పలక ఎన్నో చేతులు మారి బడికి చేరేది. నోటుపుస్తకాలు, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. రంగురాయి మాత్రం ఇతర దేశాలకు వెళ్లి అక్కడి ఇళ్ల గోడలకు, నేలకు అతుక్కుంటోంది. మన రాయి పరదేశంలో ముంగిలికి అందం తెస్తుంటే మన ముంగిట్లో స్టిక్కరు ఉండటం వింతగా లేదా?

పలకరాతిలో తీసినదంతా పనికి రాదు. పగిలినవి, సొట్టపోయినవి, కొలతకు రానివి కుప్పలో చేరతాయి. అయితే కొలతకు రాని ముక్క తోటకు బాగానే వస్తుంది. వానకు కరగదు, చెద పట్టదు, నీరు పెద్దగా పీల్చదు. నలుపు, బూడిద, ఆకుపచ్చ, ఇనుపతుప్పు చాయల్లో దొరుకుతుంది. బంతిమడి చుట్టూ జానెడు ముక్కల్ని సగం భూమిలోకి దిగేసి నిలబెడితే మట్టి జారిపోదు, కోళ్లు కెలకడమూ తగ్గుతుంది. స్నానాల గది నుంచి వచ్చే నీటిని పలకముక్కలు పరచిన చిన్న కాలువగుండా అరటిచెట్టుకో మల్లెపొదకో మళ్లించవచ్చు. చిన్న పెంకుల్ని పాదులో పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు, తడి త్వరగా ఆరదు. కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడూ, 1970లో కొత్త జిల్లాలో కలిసిన తర్వాతా నీటి ఎద్దడి మనల్ని వదల్లేదు. బిందె నీళ్లతో రెండు రోజులు బతికే పూలమడి మన ఇల్లాళ్లకు ఎంత అవసరమో వేసవిలో ట్యాంకరు దగ్గర నిలబడినవారికి తెలుసు. (వెలిగొండ నీళ్ల సంగతి మరోసారి మాట్లాడుకుందాం.) ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. నల్లరాయి ఎండకు బాగా కాలుతుంది. మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి.

ఇక ముగ్గు. పూర్వం వాకిట్లో పేడనీళ్లు చల్లి ముగ్గు వేస్తే పచ్చటి నేల మీద తెల్లగా వెలిగేది. ఇప్పుడు సిమెంటు రోడ్డు గడప దాకా వచ్చింది. దాని మీద కళ్లాపి నిలవదు, తెల్లముగ్గు తేలిపోయినట్టు ఉంటుంది. అందుకే స్టిక్కర్ల వైపు పోతున్నామని చాలామంది ఆడవాళ్లు అంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. అలాంటివారు గడప ముందు నాలుగడుగుల మేర నల్లపలకలు పరిపించుకోవచ్చు. నల్లరాతి మీద బియ్యప్పిండి ముగ్గు కనిపించినంత అందంగా మరెక్కడా కనిపించదు. చీమలకు, పిచ్చుకలకు గింజంత తిండీ దొరుకుతుంది. చోటులేని ఇంట్లో ఒక పెద్ద పలకను గుమ్మం పక్కన ఆనించి పెట్టి, సుద్దముక్కతో పండుగకో బొమ్మ వేయిస్తే సరి. సంక్రాంతికి రథం ముగ్గు, ఉగాదికి వేపపూత, చవితికి వినాయకుడు. పిల్లలు పోటీపడి వేస్తారు, తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ ఖాళీ పలకే.

రంగులకూ కొట్టుకు పరుగెత్తనవసరం లేదు. పసుపులో కాస్త తడి సున్నం కలిపితే ఎరుపు వస్తుందని మన అవ్వలందరికీ తెలుసు. ఇటుకపొడి, బొగ్గుపొడి, ఎండిన ఆకుపొడి ఉండనే ఉన్నాయి. పొట్లం రంగుల మెరుపు వీటికి రాదు, ఒప్పుకోవాలి. గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పెట్టి, తర్వాత దాన్ని పిడకగా తట్టి రథసప్తమినాటి పరమాన్నానికి దాచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలంకరణ అయ్యాక కూడా పనికి వచ్చే వస్తువు అది.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడా మనలాగే పలకరాతి గనులు, మనలాగే ఊళ్లను కమ్మేసిన రాతికుప్పలు. ఆ రాతిని నలగ్గొట్టి సంచుల్లో నింపి తోటల అలంకరణకు అమ్ముతున్నారు. నిలువు పలకల్ని తీగతో అల్లి పొలాలకు కంచెలు కట్టుకోవడం అక్కడి రైతుల పాత అలవాటు. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన కుప్పలకు అంత వైభవం పట్టకపోయినా, మన దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే యాత్రికులు తక్కువేమీ కాదు. రైలులో వచ్చేవారు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లోనే దిగుతారు. పేరు చెక్కిన ఇంటిపలక, ముగ్గు వేసిన చిన్న పలక, తులసికోటకు అతికించే రంగుముక్కలు డ్వాక్రా మహిళలు తయారుచేసి అక్కడ పెడితే కొనేవారు ఉండరా? పలకల పని తగ్గి కూలికి పోతున్న చేతుల్లో ఆ నేర్పు ఇంకా ఉంది.

అయితే ఈ మాట చెప్పేటప్పుడు మరో మాట దాచకూడదు. పలకరాతి ధూళి ఊపిరితిత్తులకు శత్రువు. అందులోని సిలికా ఏళ్ల తరబడి లోపల పేరుకుంటే నయంకాని జబ్బు వస్తుంది. 1988లో కేంద్రం బాలకార్మికుల కోసం జాతీయ పథకం మొదలుపెట్టినప్పుడు తొలి కేంద్రాల్లో మార్కాపురాన్ని చేర్చింది ఈ పలకల పరిశ్రమను చూసే. అలంకరణ పేరిట ఆ రోజుల్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోకూడదు. మిషను పెట్టి పొడిగా కోయవద్దు. రాయిని తడిపి, ఉలితో ఆరుబయట చీల్చాలి. ఆ పనిలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. బొమ్మ వేయడం వరకే వాళ్ల పని. కుప్ప ఎవరిదో కనుక్కుని, అడిగి తెచ్చుకోవాలన్నది వేరే చెప్పాలా?

అధికారులు చేయదగినది ఒకటుంది. ఏటా సంక్రాంతికి ఊరూరా ముగ్గుల పోటీలు జరుగుతున్నాయి. ఎంత పెద్ద ముగ్గయితే, ఎన్ని పొట్లాల రంగు పోస్తే అంత బహుమతి అన్నట్టు తయారైంది. బహుమతి చూస్తే ప్లాస్టిక్ బకెట్టు. దీనికి బదులు ఇంటి ముంగిలికే పోటీ పెట్టాలి. స్థానిక రాయి, పెరటి పూలు, ఇంటి రంగులు వాడినవారికి మార్కులు వేయాలి. గనుల శాఖ వారు పనికిరాని ముక్కలు మండలానికి నాలుగు ట్రాక్టర్లు ఇప్పించగలిగితే పంచాయతీలే పంచిపెడతాయి. పోటీ సంగతి నెల పట్టాక చెబితే లాభం లేదు. బంతి నారు పోసిన నెలకు నాటుకు వస్తుంది, నాటాక పూతకు ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. అందుకే దసరా నాటికే ఊరూరా చాటింపు వేయించాలి.