పల్లెపాటకు పట్టా

విశ్వవిద్యాలయమంటే గ్రంథాలు, గ్రంథమంటే కవి, కవి అంటే పేరు, ఊరు, కాలం. 1950 ప్రాంతం వరకు తెలుగు శాఖల లెక్క ఇదే. కర్త ఎవరో తెలియని పాటకు, ఏ శతాబ్దిదో తేలని కథకు, పాడిన ప్రతిసారీ మారిపోయే పదానికి ఆ లెక్కలో చోటు లేదు. తాళపత్రాలు ముందు వేసుకొని పాఠాంతరాలు తేల్చుకొనే పండితునికి, తిరుగలి విసరుతూ స్త్రీలు పాడుకొనే పాటలో పరిశోధింపదగినది ఏమున్నదన్న సందేహం కలిగిందంటే వింత లేదు. ఆ సందేహానికి గట్టి సమాధానం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో లభించింది.

ఇందులో ఒక విచిత్రమున్నది. 1948 వరకు ఉస్మానియాలో బోధనభాష ఉర్దూ. తెలుగు అక్కడ ఒక పాఠ్యాంశం మాత్రమే. అటువంటి చోట, పదేండ్లు తిరగకముందే, తెలుగులో కూడా లిపికెక్కని తెలుగు డాక్టరేటు పట్టాకు అర్హమైన విషయమైనది. వరంగల్లు ప్రాంతపు దేవునూరులో 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే సిద్ధాంత వ్యాసానికి 1956లో పట్టా పొందారు. 1958లో అది గ్రంథంగా వెలువడినది. అప్పుడు తెలుగు శాఖకు పెద్దదిక్కు ఖండవల్లి లక్ష్మీరంజనం. సంప్రదాయ సాహిత్యంలో తలపండిన ఆచార్యుడు ఇటువంటి విషయానికి తలుపు తెరవడం చిన్న సంగతి కాదు.

రామరాజుకు ముందు పాటలు సేకరించినవారు లేరని కాదు. 18వ శతాబ్ది తొలినాళ్ళలో మొగలు పాలకులను ముప్పుతిప్పలు పెట్టిన సర్వాయి పాపడి కథాగేయాన్ని జె. ఏ. బాయిల్ అనే ఆంగ్లేయుడు 1874లోనే ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో ప్రకటించాడు. నేదునూరి గంగాధరం వంటివారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. అయితే సేకరణ వేరు, శాస్త్రం వేరు. ఈ పాట శ్రమకు సంబంధించినదా, పెండ్లికి సంబంధించినదా, పిల్లల ఆటకు సంబంధించినదా? పురాణకథ పల్లె నోట పడి ఏ విధంగా మారినది? ఇటువంటి ప్రశ్నలు వేసి, రాశిగా పడియున్న పాటలను వర్గాలుగా విడదీసి చూపినది రామరాజు గ్రంథం. తరువాత పరిశోధనకు దిగినవారంతా ఆ వర్గీకరణతో ఏకీభవించియో, విభేదించియో తమ దారి వెదకుకొనవలసి వచ్చింది.

దేశంలోనూ అది ఇటువంటి శాఖలకు అంకురారోపణ కాలమే. గౌహతి విశ్వవిద్యాలయం 1955లో జానపద పరిశోధన శాఖను నెలకొల్పినది. ఆంగ్లంలో ‘ఫోక్‌లోర్’ అన్న మాటను విలియం థామ్స్ పుట్టించినది 1846లో. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం ఆ విషయంలో డాక్టరేటు ఇవ్వడం మొదలుపెట్టడానికి మరొక నూరేండ్లు పట్టినది. ఆ లెక్కన తెలుగువారు మరీ వెనుకబడలేదు.

ఇక అసలు చిక్కు విద్యార్థి పల్లెకు వెళ్ళిన తరువాత మొదలవుతుంది. పాట పాడుతూంటే చేతితో వ్రాసుకోవడం సాధ్యం కాదు. ఆపి, నిలిపి చెప్పమంటే పాడేవాని లయ తెగిపోతుంది. లయ తెగితే చరణం మరపున పడుతుంది. చివరకు కాగితంపై మిగిలేది పాట కాదు, పాట అస్థిపంజరం. పైగా వరినాట్ల పాటను అరుగుమీద కూర్చోబెట్టి పాడించుకుంటే నడుము వంచిన శ్రమ అందులో ఉండదు. టేపు రికార్డరు వచ్చి మొదటి చిక్కును తీర్చినది. రెండవ చిక్కు, అంటే సందర్భం, యంత్రానికి లొంగేది కాదు.

దీనికి మంచి ఉదాహరణ పల్నాటి వీరుల కథ. పండితలోకంలో అది శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైన కావ్యం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1971 నుండి వెల్చేరు నారాయణరావు తెలుగు బోధించారు. అక్కడి పరిశోధకుడు జీన్ రోఘైర్ 1970లలో పల్నాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడగా ఆ కథను టేపులకెక్కించాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన గ్రంథంలో ఆ గాయకుని పేరు సగౌరవంగా నిలిచినది. అంతకుముందు సేకరణలు అనేకం తిరగవేస్తే పాట కనిపిస్తుంది గాని పాడినవారి పేరు కనిపించదు. జానపద సాహిత్యానికి కర్త లేడన్న సూత్రాన్ని పండితులు కొంత సౌకర్యంగానే వాడుకున్నారనిపిస్తుంది.

ఉస్మానియాలోనే నాయని కృష్ణకుమారి జానపద గేయగాథలపై పరిశోధించి, స్వయంగా ఆచార్యులై, ముందు ముందు తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. ఆ తెలుగు విశ్వవిద్యాలయం 1985 డిసెంబరు 2న ఏర్పడినది. వరంగల్లులో దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వెలసింది. దేవునూరు బిడ్డ మొదలుపెట్టిన విద్య వరంగల్లుకే తిరిగి చేరినదన్నమాట. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అక్కడ కూడ ఈ విషయానికి ప్రత్యేక శాఖ కల్పించారు.

ఈ కాలంలో చూపు పాటలనుండి పాడేవారి వైపు మళ్ళినది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు కులపురాణాలు వినిపిస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పటాన్ని నిలబెట్టి, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ రాత్రంతా కథ నడిపే కుటుంబాలు ఇందులో ఉన్నాయి. ఏ ఊరు ఏ కుటుంబానిదన్నది వంశపారంపర్యపు హక్కు. ఈ ఏర్పాటు తెలియకుండా కథను మాత్రం వ్రాసుకొని వచ్చిన పరిశోధకుడు, చెట్టును విడిచి ఆకులు ఏరుకొన్నవాడే. కథ వినే కులం వారు పట్నానికి తరలిపోతే చెప్పే కుటుంబానికి గ్రాసం పోతుంది. అప్పుడు పురాణం మరణించేది మరపువల్ల కాదు, ఆకలివల్ల.

ఢిల్లీలో ఈ సంపదకు విలువ కట్టినవారు ముందునుండీ ఉన్నారు. యౌవనంలోనే ఇల్లు విడిచి దేశమంతా తిరిగి జానపద గేయాలు సేకరించిన దేవేంద్ర సత్యార్థి రాజధానిలోనే స్థిరపడి, కేంద్ర ప్రభుత్వ పత్రిక ‘ఆజ్‌కల్’కు సంపాదకత్వం వహించారు. ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తన విభాగాలలో ఒకదానికి ‘జనపద సంపద’ అని పేరు పెట్టుకున్నది. ఆ కేంద్రం చిరకాలం జన్‌పథ్ ప్రాంతంలోనే ఉండడం ఒక తమాషా. జనపథానికీ జనపదానికీ మధ్య దూరం ఒక్క అక్షరమే! మైదాన్‌గఢీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం జానపద, సంస్కృతి అధ్యయనంలో దూరవిద్య ఎం.ఏ. పాఠ్యక్రమాన్ని రూపొందించినది.

ఢిల్లీ శివార్లలోని గుర్‌గావ్‌లో మరొక సంస్థ ఉన్నది. 1982లో మొదలైన సంగీత జాతిశాస్త్ర భాండాగారం అది. విదేశీ పరిశోధకులు ఈ దేశంలో రికార్డు చేసుకొని తమ విశ్వవిద్యాలయాలకు తీసుకొనిపోయిన సంగీతపు ప్రతులను తిరిగి భారతదేశానికి రప్పించాలన్నది దాని తొలి ఉద్దేశాలలో ఒకటి. ఆ ప్రతులు ఢిల్లీ దగ్గరకు వస్తే సరిపోయిందా, పాడిన కుటుంబం ముంగిటికి చేరాలా? భాండాగారాలు నడిపేవారిని ఈ ప్రశ్న వదలలేదు. రాజస్థాన్‌లోని లంగా, మాంగణియార్ గాయక కుటుంబాలతో కలిసి ఆ సంస్థ కొంత పని చేసినది.

తెలుగునాట కూడ ప్రశ్న అదే. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య కోయల వంశగాథలను, సమ్మక్క సారలమ్మల కథను చదువుతో నిమిత్తం లేకుండా నోటితోనే నిలుపుకున్నారు. పరిశోధకులు ఆయన గానాన్ని రికార్డు చేశారు. 2022లో పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో ఆయన మరణించారు. రికార్డులు ఉన్నాయి. ఇక ఆ డోలిని భుజానికి తగిలించుకొని, జాతరనాడు గద్దెముందు నిలబడి ఆ గాథను మొదటినుండి చివరిదాకా పాడేవారు కావాలి.